పాడె మోయని భుజం

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే పల్లెవెలుగు బస్సులో మమతను చూడనివాళ్లు శిరివెళ్ల చుట్టుపక్కల ఉండరు. సన్నటి మనిషి. గొంతు మాత్రం వెనక సీటు దాకా పోతుంది. "ఆధార్ కార్డు చేతిలో పెట్టుకోండమ్మా, సంచిలో వెతుక్కునేలోపల మీ ఊరు దాటిపోతాది" అని అరుస్తూ, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో టికెట్ మిషన్ నొక్కుతుంది. ఆడవాళ్లకు చార్జీ తీసేసినప్పటి నుంచి ఆ బస్సులో కాలు మోపాలంటే పక్కవాళ్ల కాలు మీదే మోపాలి. అయినా మమత ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడన్నా కాసేపు ఆగిందంటే ఒకటే ప్రశ్న.

"పిల్లోళ్లెంతమందమ్మా?"

"ఇంకా ల్యార్లే పెద్దమ్మా."

ఆ మాట వినగానే మా దిక్కు ఆడవాళ్లకు ఎక్కడలేని ఓపిక వస్తుంది. ఒకామె నల్లమలలో దొరికే వేరు సంగతి చెబుతుంది. ఒకామె అహోబిలంలో ఏ గుడి చుట్టూ తిరగాలో చెబుతుంది. ఇంకొకామె, అందరికన్నా తెలివైనది, "లోపం ఎవరిది?" అని బస్సంతా వినేటట్టు అడుగుతుంది. సలహాకు ఎప్పుడూ టికెట్ లేదు.

లోపం మమతదే. గర్భసంచికి పోయే గొట్టాలు రెండూ మూసుకుపోయాయని నంద్యాలలో డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి చెప్పింది. మొగుడు నాగార్జునకు ఏ లోపమూ లేదని కూడా అదే రోజు చెప్పింది. ఈ రెండో మాటను అత్త ఓబులమ్మ పేరంటానికి పిలిచినట్టు ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. కోడల్ని తిట్టలేదు, కొట్టలేదు, ఇంకో పెళ్లి మాట ఎత్తలేదు. "మావోనికి ఏమీ ల్యాదంట" అన్నది, అంతే. మంచి అత్త అని వీధి మొత్తం మెచ్చుకుంది.

నాగార్జున ఆళ్లగడ్డలో ఒక శిల్పాల షెడ్డులో పనిచేస్తాడు. శిల్పి కాదు. శిల్పులు చెక్కిన విగ్రహానికి పాలిష్ పట్టి, గడ్డి చుట్టి, లారీ ఎక్కించి, కొన్న ఊరికి తీసుకుపోయి గుడిలో నిలబెట్టి వచ్చే పని. బరువులెత్తి ఎత్తి భుజాలు దూలాల్లా ఉంటాయి. పోయిన ఊళ్లో ప్రతిష్ఠ అయ్యేదాకా ఉండాలి కాబట్టి నెలలో సగం దినాలు ఇంట్లో ఉండడు. వచ్చినప్పుడు మాత్రం మమతకు టిఫిన్ కట్టిచ్చేవాడు, యూనిఫాం ఇస్త్రీ చేసేవాడు. అందుకే ఆమె నమ్మింది. మనవైపు మొగుడు చీర మడత పెడితేనే కథలుగా చెప్పుకుంటారు, ఇస్త్రీ అంటే ఇంకేం కావాలి?

కండక్టరు పని, అండాలు బయటికి తీసి, పిండాలు చేసి దాచి, ఒక్కొక్కటిగా కడుపులో పెట్టే ఈ వైద్యం ఒకదానికొకటి పడవు. సూదులు రోజూ ఒకే వేళకు పడాలి. బస్సు ఏ వేళకు ఎక్కడుంటుందో ఆ డ్రైవరుకే తెలియదు. మమత చిన్న ఫ్లాస్కులో ఐసు ముక్కలు వేసి, దాంట్లో సూదిమందు పెట్టుకుని, క్యాష్ సంచితో పాటు భుజానికి తగిలించుకుని డ్యూటీ ఎక్కేది. వేళయ్యేసరికి ఏ బస్టాండు వస్తే ఆ బస్టాండులో ఆడవాళ్ల గదిలోకి పోయి, చొక్కా పైకి లాక్కుని, పొట్ట మీద చర్మం పట్టి తనే పొడుచుకునేది. ఒకసారి శిరివెళ్లలో ఆ గదికి గడియ లేకపోతే తలుపుకు వీపు ఆనించి పొడుచుకుంది. బయట జనం బస్సు మీద దబదబ కొడుతున్నారు.

స్కానుకు పొద్దున్నే రమ్మనేవాళ్లు. పొద్దున డ్యూటీని తోటి కండక్టర్లతో మార్చుకోవాలి. మార్చుకున్నందుకు వాళ్ల ఆదివారాలు, పండగలు ఈమె చేయాలి. అట్లా రెండేళ్లుగా మమత పండగ పూట ఇంట్లో అన్నం తినలేదు. అండాలు తీసిన మరుసటి దినం కూడా పొట్ట ఉబ్బి ప్యాంటు బొత్తాం పట్టకపోతే పిన్నీసు పెట్టుకుని వచ్చింది.

ఆ బస్సు డ్రైవరు ముబారక్. యాభై దాటినవాడు, నోటికి హద్దు లేదు. మమత వైద్యం సంగతి ఇంట్లోవాళ్లు కాక తెలిసిన మనిషి అతనొక్కడే. పిండాన్ని కడుపులో పెట్టించుకుని ఆమె డ్యూటీకి వచ్చే దినాల్లో బస్సును పాలకుండలా నడిపేవాడు.

"ఏందప్పా, ఎద్దులబండి తోలుతాండావా?" అని మగవాళ్లు అరిచేవాళ్లు.

"గుంతలు నాయా? రోడ్డేసినోడిని అడుగుపో. బేగా పోవల్లంటే దిగి ఉరుకు" అనేవాడు ముబారక్. మమతతో మాత్రం, "కూచో తల్లీ. నిలబడినోళ్లకు టికెట్టు నిలబడి ఇయ్యల్లని యాడా రాసిల్యా" అనేవాడు.

పిండం పెట్టిన తర్వాత నిలిచిందో లేదో తేలడానికి రెండు వారాలు పడుతుంది. ఆ రెండు వారాలు మమత చేయని పథ్యం లేదు. బొప్పాయి ముట్టదు, సంచి ఎత్తదు, గట్టిగా తుమ్మదు. చావింటి వైపు చూడదు. కడుపుతో ఉన్న ఆడమనిషికి మా దిక్కు ఎన్ని కట్టుబాట్లో, ఆమె మొగుడికీ కొన్ని ఉన్నాయి. కొబ్బరికాయ కొట్టకూడదు. క్షవరం చేయించుకోకూడదు. అన్నిటికన్నా గట్టిది, పాడె మోయకూడదు. పాడె మోస్తే పుట్టబోయే బిడ్డకు కీడు అంటారు. చదువుకున్నవాళ్లు, చదువు లేనివాళ్లు, దేవుడు లేడనేవాళ్లు కూడా ఈ ఒక్కటి తప్పరు.

మొదటిసారి పిండం పెట్టిన రోజు సాయంత్రమే నాగార్జున నున్నగా క్షవరం చేయించుకుని ఇంటికొచ్చాడు. రెండోసారి, విగ్రహాల లారీ కదిలేటప్పుడు మమత కళ్ల ముందే చక్రం కింద కొబ్బరికాయ కొట్టాడు. అదే వారం వీధిలో ఎవరో పోతే పాడె కూడా పట్టాడు. మమత ఉండబట్టలేక అడిగింది.

"అయ్యన్నీ మనం పాటించనక్కర్ల్యా?"

"అయి నిజంగా కడుపుతో ఉన్నోళ్లకు మే. నీకింకా ఏం తేలల్యా గదా."

మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మమత ఊరుకుంది. రెండుసార్లూ నిలవలేదు. రెండుసార్లూ అతను పక్కన కూర్చుని, "పోనీలే మే, ఇంకా ఉండాయి గదా" అన్నాడు.

మూడోసారి కూడా నిలవలేదు. ఆ సంగతి ఫోనులో తెలిసేసరికి బస్సు నంద్యాల బస్టాండులో ఉంది. మమత చివరి సీటులో కూర్చుని ఏడ్చింది. ముబారక్ బస్సు చుట్టూ తిరుగుతూ టైర్లు తన్ని చూస్తున్నట్టు నటించాడు, ఎవరినీ ఎక్కనీయకుండా.

డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. దాచిపెట్టిన పిండాల్లో ఇంక ఒక్కటే మిగిలింది. మమత అండాశయాల్లో మళ్లీ తీయడానికి ఏమీ లేదు. ఉన్నది ఇదే. నెలసరి వచ్చిన రెండో దినం నుంచి మాత్రలు మొదలుపెడితే ఈ నెలలోనే పెట్టొచ్చు. పెట్టే రోజు ఎప్పటిలాగే మొగుడూ పెళ్లాం ఇద్దరూ వచ్చి సంతకాలు పెట్టాలి.

మమత ఈ మాట నాగార్జునకు చెప్పింది. అత్తకు చెప్పలేదు. మూడోసారి పోయిందని చెప్పడానికి నోరు రాలేదు.

మూడు దినాల తర్వాత శేషయ్య చనిపోయాడు. శేషయ్య నాగార్జునకు చిన్నాయన. నాయన పోయాక నాగార్జునను భుజాల మీద ఎత్తుకుని పెంచినవాడు. కొడుకులు లేరు. "నా పాడెకు ముందర కుడిపక్క నువ్వేరా" అని బతికుండగానే వందసార్లు చెప్పాడు. అప్పటికి మమతకు నెలసరి రెండో దినం. ఆ రోజు పొద్దున వేసుకోవాల్సిన మొదటి మాత్ర బ్యాగులో పెట్టుకుని, డ్యూటీ మార్చుకుని, చావింటికి వచ్చింది. ఆడవాళ్ల మధ్యలో కూర్చుంది.

పాడె కట్టారు. శవాన్ని పడుకోబెట్టారు. ముగ్గురు మూడు మూలలు పట్టుకున్నారు. వీధిలో చావులన్నిటికీ పెద్దరికం చేసే దాసరయ్య కేక వేశాడు.

"రాప్పా నాగార్జునా, పట్టు."

నాగార్జున గోడ దగ్గర నుంచి కదల్లేదు. "నాకు నడుం పట్టింది మామా. ఇంకెవరినన్నా పట్టమను."

"నడుమా? నిన్న సాయంత్రం నందిని ఎత్తి లారీలో పెడితివి గదరా. మీ చిన్నాయన ఆ నందికన్నా బరువా?"

చావింట్లో కూడా ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాగార్జున నవ్వలేదు. ఇంకో అడుగు వెనక్కి వేశాడు. శేషయ్య పెళ్లాం ఏడుపు ఆపి అతని వైపు చూసింది. అప్పుడు దాసరయ్య గొంతు మారింది.

"ఏమప్పా, ఇంట్లో ఏమన్నా విశేషమా? నోరు తెరిచి చెప్పరాదూ?"

నాగార్జున తల వంచుకున్నాడు. అవునని అనలేదు. కాదనీ అనలేదు.

అంతే చాలు. ఇంకెవరో వచ్చి నాలుగో మూల పట్టుకున్నారు. ఆడవాళ్లలో గుసగుస పాకింది. ఓబులమ్మ తన మరిది శవాన్ని వదిలి కోడలి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"నాతో ఒక మాటన్నా చెప్పకపోతివే నా తల్లీ! కడుపుతో ఉండి శవం ముందర కూచుంటావా? లెయ్, లోపలికి పో. ఎవురన్నా ఒక నిమ్మకాయ తేండే!"

చేతిలో నిమ్మకాయ పెట్టి, పక్కింట్లోకి తీసుకుపోయి, మంచం మీద కూర్చోబెట్టి తలుపు మూశారు. నెలసరి నొప్పితో పొత్తికడుపు మెలిపెడుతోంది. ఆ స్థితిలో కూడా మమతకు మొదట కలిగింది కోపం కాదు. మూడోసారి కూడా పోయిందని జనం మధ్యలో బయటపడకుండా నా మొగుడు నన్ను కాపాడినాడు, చిన్నాయన పాడె వదులుకుని మరీ కాపాడినాడు అనుకుంది. పెళ్లయిన ఈ ఎనిమిదేళ్లలో అతని మీద అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదంట. ఆ ప్రేమతోనే బ్యాగులోంచి మాత్ర తీసి మింగింది.

మాత్ర గొంతు దిగిన తర్వాత ఆలోచన వచ్చింది. అక్కడ తనను ఎవరూ ఏమీ అడగలేదు. కడుపు సంగతి ఎవరూ ఎత్తలేదు. అతను పాడె పట్టుకుని పోయి ఉంటే ఏ గొడవా లేదు. అతను ముందు వెనక్కి తగ్గాడు, జనం తర్వాత అనుకున్నారు. నిన్న నందిని ఎత్తిన మనిషి ఈ రోజు చిన్నాయనను ఎందుకు ఎత్తలేదు? తనకు పిండం పెట్టినప్పుడు కాయ కొట్టిన మనిషి, పాడె పట్టిన మనిషి, తన కడుపు ఖాళీ అని తెలిసిన ఈ రోజు ఎవరి బిడ్డకు కీడు జరుగుతుందని భయపడ్డాడు?

సాయంత్రం స్నానాలయ్యాక నాగార్జున ఇంటి వెనక తడి పంచె ఆరేస్తున్నాడు. మమత పోయి ఎదురుగా నిలబడింది.

"ఎవురామె?"

"ఎవురేందీ?"

"నువ్వు ఎవురికోసరం మోయల్యా?"

"నడుం పట్టిందని చెప్తి గదా మే."

"నీ నడుం ఎట్లుంటాదో నాకు తెల్దా? చెప్పు. యాడుంటాది?"

అతను పంచె పిండిందే మళ్లీ పిండాడు. అబద్ధం చెప్పడం వచ్చు గానీ దాన్ని నిలబెట్టే ఓపిక లేని మనిషి.

"జూపాడు బంగ్లా అవతల. ఆడ ఆంజనేయస్వామిని నిలబెట్టను పోయినప్పుడు... ఆ గుడి పనిలోనే ఉండె. మొగుడు ల్యాడు. నేను కావల్లని చేసింది కాదు మే. అట్ల అయిపోయింది."

"నాకు లోపల పెట్టిన దినమే క్షవరం చేయించుకుంటివి. నా ముందరే కాయ కొడితివి, పాడె పడితివి. అప్పుడు నేను నీ పెండ్లాన్ని కానా?"

నాగార్జున పంచెను తీగ మీద పడేశాడు. తర్వాత అన్నాడు, నిజం చెబితే తేలికవుతుందనుకున్నాడో ఏమో.

"నీకు నిలబడతాదని నాకు ఎప్పుడూ నమ్మకం ల్యా. ఆమెకు కదులుతాండాది. చేయి పెట్టి చూసినా."

మమత నాతో ఈ సంగతులన్నీ చెప్పినప్పుడు ఆ ఇంకో ఆడమనిషి గురించి పెద్దగా మాట్లాడలేదు. ఈ మాట దగ్గరే ఆగిపోయింది. రెండేళ్లు బస్టాండు గదుల్లో పొట్ట పొడుచుకుంటున్నప్పుడు తాను ఒంటరిని కాననుకుంది. నిజానికి ఒంటరిగా ఉన్నది అప్పుడే. ప్రతిసారీ పక్కన కూర్చుని "ఇంకా ఉండాయి గదా" అన్నవాడు ఒక్కసారి కూడా నమ్మలేదు. ఇస్త్రీ చేసిన చొక్కా కూడా ఆ లెక్కలోదే.

వంటింటి గడపలో ఓబులమ్మ నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. కొడుకును చెంప మీద కొడుతుందని మమత అనుకుంది. ఓబులమ్మ అడిగింది ఒకటే.

"ఎన్నో నెలరా?"

"ఆరు."

ఓబులమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మరిది కోసం ఏడ్చిన ఏడుపు కాదది. తర్వాత కోడలి భుజం మీద చేయి వేసి, "ఎట్లయినా మన బిడ్డే గదా తల్లీ. తెచ్చి నీ ఒళ్లోనే పెడతాం. నువ్వే సాకుకో" అంది. మంచి అత్త కదా.

రెండు దినాల తర్వాత నాగార్జున తనే మాట తెచ్చాడు. నంద్యాలకు వస్తాడంట, సంతకం పెడతాడంట. "నీకూ ఒకటి నిలబడనీ మే, నేనేమన్నా వద్దంటినా?" అన్నాడు. ఒకటే షరతు. ఈ సంగతి బయటికి పోకూడదు. మమతే కడుపుతో ఉందని ఊరు అనుకుంటోంది కాబట్టి అనుకోనివ్వాలి. అక్కడ బిడ్డ పుట్టేదాకా ఇక్కడ ఎవరికీ కాదని చెప్పకూడదు. పుట్టింటివాళ్లను పిలిచి పంచాయితీ పెట్టకూడదు.

"పెడితే?"

"పెడితే నేను నంద్యాలకు రాను."

మమత ఒప్పుకున్నట్టూ చెప్పలేదు, కాదన్నట్టూ చెప్పలేదు. మాత్రలు మాత్రం వేసుకుంటూనే ఉంది. ఆ ఒక్క పిండం కోసం ఏమన్నా మింగొచ్చు అనుకుంది. డ్యూటీకి వస్తే బస్సులో లోకం మారిపోయింది. ఇంతకుముందు వేర్ల గురించి చెప్పినవాళ్లే ఇప్పుడు లేచి సీటిస్తున్నారు. ఒకామె మామిడికాయ తెచ్చింది. ఇంకొకామె, "మా అహోబిలం స్వామి మహిమ చూసినావా?" అని గొప్ప తనదిగా చెప్పుకుంది. మమత నవ్వింది. మామిడికాయ తీసుకుంది. ముబారక్ అద్దంలో చూస్తూనే ఉన్నాడు. మూడోసారి పోయిన రోజు టైర్లు తన్నినవాడు అతనే, అతనికి అంతా అర్థమవుతూనే ఉంది.

రేపు నంద్యాల పోవాలనగా, ముందు రోజు మధ్యాహ్నం ట్రిప్పులో శిరివెళ్ల దగ్గర శేషయ్య పెళ్లాం ఎక్కింది. బస్సు కిక్కిరిసి ఉంది. ముసలామె ముత్తైదువ గుర్తులన్నీ తీసేసిన చేతులతో మమత చేయి పట్టుకుంది.

"నాగార్జున పట్టల్యాదని ఆ పొద్దు కడుపు రగిలిందమ్మా నాకు. సాకిన చిన్నాయనకు ఆ మాత్రం చెయ్యల్యాదే అని తిట్టుకుంటి. నీకోసరమని తెలిసినాక మనసు చల్లబడింది. మీ చిన్నమామే నీ కడుపున పుడతాడు సూడు. ఎన్నో నెలమ్మా?"

మమత నోరు తెరిచింది. ఏదో ఒక నెల చెబితే సరిపోతుంది. మిగతా ఆడవాళ్లందరికీ చెప్పినట్టే. రేపు ఈ వేళకు సంతకం అయిపోయి ఉంటుంది. కానీ ఆ ముసలామె తన మొగుడికి జరిగిన అవమానాన్ని కూడా ఈమె ఖాళీ కడుపు కోసం క్షమించేసి, చేతిని అట్లాగే పట్టుకుని చూస్తోంది.

"నాకేం ల్యాదు చిన్నత్తా," అంది మమత. కండక్టరు గొంతు కదా, వెనక సీటు దాకా పోయింది. "ఆ పొద్దు నేను బయట చేరి ఉంటి. నీ మొగుని పాడె పట్టనిది నాకోసరం కాదు. జూపాడు బంగ్లా అవతల ఒకామె కడుపుతో ఉండాది. ఆమెకోసరం."

మామిడికాయ తెచ్చినామె కిటికీ వైపు తిరిగింది. ముసలామె చేయి వదల్లేదు. కాసేపటికి, "నాకొడుకు," అంది, చాలా మెల్లగా. ఆళ్లగడ్డ చేరేలోపలే మూడు ఊళ్లకు ఫోన్లు పోయాయి. బస్టాండులో దిగకముందే మమత ఫోనులో నాగార్జున పేరు వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది.

మరుసటి రోజు మమత నంద్యాల ఆస్పత్రిలో పొద్దున నుంచి కూర్చుంది. రాడని తెలుసు. అయినా ప్రతి ఆటో చప్పుడుకూ గేటు వైపు చూసింది. మధ్యాహ్నానికి డాక్టరమ్మ లోపలికి పిలిచింది. గర్భసంచి లోపలి పొర చాలా బాగా వచ్చిందమ్మా, మూడుసార్లూ ఇంత బాగా రాలేదు అంది. భర్త సంతకం లేకుండా తాను చేయలేనని కూడా అంది. మాత్రలు ఈ రోజుతో ఆపేయమంది. పిండం ఉంటుందా అని మమత అడిగింది. ఉంటుంది, కానీ వాడాలన్నా తీసేయాలన్నా ఇద్దరూ రావాలి అంది డాక్టరమ్మ.

బస్టాండులో ముబారక్ బస్సు వేరే కండక్టరుతో బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. మమత పోయి డ్రైవరు పక్కన ఇంజను మీద కూర్చుంది.

"వచ్చినాడా తల్లీ?"

"రాల్యాదన్నా."

ముబారక్ గేరు మీద చేయి పెట్టి, వేయకుండా అన్నాడు. "నిన్న నోరు మూసుకొనుంటే వచ్చుండునేమో."

"వచ్చుండును," అంది మమత.

వెనక నుంచి కండక్టరు రైట్ అన్నాడు. ఊరు దాటి గుంతలు మొదలయ్యాక ముబారక్ అలవాటుగా బ్రేకు మీద కాలు పెట్టాడు.

"పోనీయన్నా, మెల్లగా ఎందుకు," అంది మమత.